మోతికి తల్లిగారింట్లో తొలి కాన్పు

శివరాత్రి మరునాడు, పొద్దున తొమ్మిది కావడానికి పది నిమిషాలున్నప్పుడు, మేడ్చల్‌లో మా ఇంటి ముందర ఒక ట్రాక్టరు ట్రాలీలోకి ఇద్దరు గర్భిణులను ఎక్కించారు. ఒకతె నేను. రెండోది మా కుక్క మోతి. టైము ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, ఆ ట్రాక్టరు నడిపే ఆయనకు మా వాడలో గడియారం మామ అని పేరు. చేతికి గడియారం పెట్టుకునేవాళ్లు వాడలో ఇంకా ఉన్నారు గానీ, అడగకపోయినా టైము చెప్పేది మాత్రం ఆయన ఒక్కడే. నాకు అప్పటికి గడియారమూ చూడరాదు, అక్షరమూ రాదు. రెండూ నలభై దాటినాక నేర్చుకున్నాను. అందుకే ఆ రోజును ఎక్కడా రాసిపెట్టుకోలేదు. రాసిపెట్టుకోకపోవడం వల్లనే మరిచిపోలేదని నా అనుమానం.

ఆ రోజుల్లో, అంటే తొంభైలలో, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారికి రెండు పక్కలా ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు, గేట్లు, గేట్ల ముందర కుర్చీ వేసుకుని నిద్రపోయే వాచ్‌మెన్లు. నేనూ మా ఆయనా ఆ తోటల్లో కూలికి పోయేవాళ్లం. ఆ రోజుల్లో ఆడపిల్లకు తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి, రెండో కాన్పు అత్తగారింట్లో. ఇది చట్టం కాదు. చట్టమైతే ఏ వకీలో తప్పించుకునే దారి చెప్పేవాడు. ఇది మా అత్త మాట. మేడ్చల్‌లో మా అత్త మాటకు ఎదురు దారి ఉందని ఎవరూ అనుకోలేదు. (అటువంటి దారి ఒకటుందని చివరికి కనిపెట్టింది కూడా ఆమే. ఆ సంగతే ఇదంతా.)

నా చిక్కు ఏమిటంటే, నాకు తల్లిగారిల్లు ఉంది గానీ అందులో తల్లి లేదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. శామీర్‌పేట చెరువు కట్ట కింద ఒక పెంకుటిల్లు, అందులో మా బాపు, ఆయన వలలు, ఒక ముసలి కుక్క. అంతే సంసారం. బాపు చేపలు పట్టేవాడు. మునిగిపోతున్న మనిషిని నడిచెరువులో జుట్టు పట్టి లాగి ఒడ్డున వేసిన ధైర్యవంతుడే. కానీ ఆడవాళ్లకు ఒంట్లో బాగాలేదంటే చాలు, చెమట పట్టి గోడకు ఆనుకునేవాడు. ఆ ఇంట్లో, ఆ మనిషి చేతుల మీద నేను కనాలి. నాకు భయం. ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి మాత్రం అత్త మంచి మీదున్నప్పుడు "అక్కడ ఆడదిక్కు లేదు కదా అత్తా" అని నసిగాను. "మీ అమ్మ లేకపోతే ఊరు లేదానె? శామీర్‌పేటల అందరు మొగోళ్లే ఉంటరా?" అన్నది. ఆ మాటతో నా కేసు కొట్టేసినట్టే అయింది. నాకు ఏడో నెల పడింది, పెట్టె సర్దారు.

మోతి ఈ కథలోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఆడపిల్లను పంపేటప్పుడు తోడుగా ఒక ఆవుదూడనో మేకపిల్లనో పుట్టింటివాళ్లు ఇస్తారు, దాన్ని అరణం అంటారు. నా పెళ్లిలో మా అత్త "ఏం ఇస్తున్నవు తమ్మీ అరణం?" అని మా బాపును అప్పటికే రెండుసార్లు అడిగి ఉంది. బాపు దగ్గర ఇవ్వడానికి చేపలు తప్ప ప్రాణమున్నదేదీ లేదు. అప్పగింతలై నేను ఏడ్చుకుంటూ వ్యాను ఎక్కితే, మా ముసలి కుక్క పిల్లల్లో ఒకటి నా వెనకాలే ఎక్కి కాళ్ల దగ్గర కూర్చుంది. దించారు. మళ్లీ ఎక్కింది. దించారు. మళ్లీ ఎక్కింది. పెళ్లివాళ్లందరూ నవ్వుతుంటే బాపు దాన్ని కాసేపు చూసి, తల గోక్కుని, "గిదే అక్కా అరణం. సూడు, అదే ఎక్కి కూసున్నది" అన్నాడు. ఇగ గొడవ మొదలవుతుందని అందరూ అనుకున్నారు. మా అత్త నవ్వలేదు, తిట్టలేదు. కుంకుమ భరిణె తెప్పించింది. ముందు నాకు, తరవాత కుక్కపిల్లకు బొట్టు పెట్టింది. "అరణం అంటే అరణమే. పానమున్నదా లేదా సూస్కోవాలె, ఏం పానమని అడగొద్దు" అన్నది. అట్లా మోతి మా ఇంటికి వచ్చింది, నాకన్నా ఎక్కువ మర్యాదతో.

రెండేండ్లకు మా ఇద్దరికీ కడుపులు వచ్చాయి, ముందు నాకు, ఆ తరవాత దానికి. మోతి విషయంలో అల్లుడెవరో తేలలేదు. స్టేషను దిక్కు తిరిగే ఒక ఎర్ర కుక్క మీద మా అత్తకు అనుమానం. దాన్ని చూసినప్పుడల్లా "మొకం సూడు, బాధ్యత లేని మొకం" అని రాయి తీసేది. మోతికి మాత్రం రాజవైభోగమే. నాకు ఏం పెడితే దానికీ అదే. జొన్న అంబలి ఇద్దరికీ, మేక కాళ్ల షోర్వా ఇద్దరికీ, నానబెట్టిన పల్లీలు బెల్లం నాకు, ఉడకబెట్టిన గుడ్డు దానికి. (గుడ్డు నాకెందుకు లేదని అడిగితే, "నీకు ఒక్కటే బిడ్డ, దానికి ఎన్నో ఏమో" అన్నది. లెక్క సరిగ్గానే ఉంది, నేనే మూతి ముడిచాను.) బరువెత్తొద్దని నాకు చెప్పేది, గోడ దుంకొద్దని దానికి చెప్పేది. దీపాలు పెట్టేవేళ కడుపుతో ఉన్నవాళ్లు బయట తిరగొద్దని ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసేది. నేను చాప మీద, అది చాప పక్కన, ఒకరి కడుపు ఒకరం చూసుకుంటూ. దాని పొట్ట మీద చెయ్యి పెడితే లోపల చిన్న చిన్న ముడులు కదిలేవి. నా పొట్ట మీద అది మూతి పెట్టి ఆగి వినేది. ఏం వినేదో నాకు తెలియదు.

నన్ను పంపే రోజు దగ్గరికి వచ్చినప్పుడు అత్త ఒక రాత్రి అన్నం తింటూ, "మోతిని గూడ తోలియ్యాలె" అన్నది. మా ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు.

"ఏడికి?"

"దాని తల్లిగారింటికి. దానిది గూడ తొలిసూరే గద."

"అమ్మా, కుక్కకు తల్లిగారిల్లేందే."

"మరి అది ఆకాశంకెల్లి ఊడిపడ్డదా? బొట్టు వెట్టి తెచ్చుకున్నం. బొట్టు వెట్టినంక కుక్కేంది, కోడలేంది. తొలి కాన్పు ఈ ఇంట్ల జేసి నేను పాపం మూట గట్టుకోను."

మా ఆయన నా దిక్కు చూశాడు. నేను మోతి దిక్కు చూశాను. మోతి అన్నం గిన్నె దిక్కు చూసింది. ముగ్గురిలో తెలివైనది అదే.

అట్లా శివరాత్రి మరునాటి ప్రయాణం ఖాయమైంది. గడియారం మామ ఖాళీ ద్రాక్షడబ్బాలు వేసుకుని శామీర్‌పేట దిక్కు ఒక తోటకు పోతున్నాడు, పోతూ మమ్మల్ని దింపుతాడు. మమ్మల్ని బాపుకు అప్పగించి, అత్త అక్కడి నుంచి కీసర జాతరకు పోతుంది. ఆమెకు ఏటేటా శివరాత్రి ఒక్కపొద్దు విడిచి కీసర గుట్ట ఎక్కే మొక్కు ఉంది, అప్పటిదాకా ఒక్క ఏడూ తప్పలేదు. మా ఆయన తోటలో పని ఒదిలి రాలేనన్నాడు. (కుక్కను కాన్పుకు దింపడానికి పోతున్నానని మేస్త్రీకి చెప్పలేక అట్లా అన్నాడని తరవాత ఒప్పుకున్నాడు.)

ఆ పొద్దున మోతి గిన్నె ముట్టలేదు. షోర్వా పోసినా వాసన చూసి మొహం తిప్పింది. వాకిట్లో జామచెట్టు మొదట్లో మట్టి తవ్వింది, తిరిగి తవ్వింది, తవ్విన గుంటలో కూర్చుని లేచి ఇంకోచోట తవ్వింది. నాలుక బయటికి వేసి ఒగరుస్తోంది, వెనక కాళ్లు సన్నగా వణుకుతున్నాయి. దాన్ని చూసి మా అత్త కళ్లనీళ్లు తుడుచుకుంది. "ఇల్లు ఇడిసి పోబుద్ధి అయితలేదు దానికి. సూడు, మట్టి కూడ ఇడుస్తలేదు" అన్నది. నాకూ ఏడుపొచ్చింది. మోతి తల నిమిరి "నేనున్న కదనే" అన్నాను. ఆ కుక్క మాకు ఎంత స్పష్టంగా చెప్పాలో అంత స్పష్టంగా చెబుతోంది, నొప్పులు మొదలయ్యాయని. మేము దాన్ని అత్తగారిల్లు వదలలేని కోడలి బెంగ అనుకుని బొట్టు పెట్టి, ఒడిలో బియ్యం పోయలేక ముందర పోసి, ట్రాలీ ఎక్కించాం. లోకంలో ఇంకెవరూ ఈ తప్పు చేసి ఉండరు.

ట్రాలీలో డబ్బాల మధ్య గడ్డి పరిచి మమ్మల్ని కూర్చోబెట్టారు. కీసర జాతరకు పోయే బస్సులు, జీపులు, బండ్లు దారి నిండా ఉన్నాయి. మోతి గడ్డిని కూడా తవ్వడం మొదలుపెట్టింది. ఊరు దాటామో లేదో అది ఒళ్లంతా బిగబట్టి ఒక చిన్న మూలుగు తీసింది. అత్త దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. ఆమె మొహం మారిపోయింది. పదిమందికి పురుళ్లు పోసిన చెయ్యి అది, దానికి తెలియనిదేముంది.

"ఓ తమ్మీ, జల్దీ పోనియ్" అని ముందుకు అరిచింది.

గడియారం మామ గేరు మార్చాడు. ట్రాలీ ఎగిరింది, మేమూ ఎగిరాం.

"కుదుపకు."

"జల్దీ పొమ్మంటివి గదక్కా."

"జల్దీ పో, కుదుపకు."

"గట్ల పోవాలంటె ఇమానం దేవాలె, దుండిగల్ల మిల్ట్రోళ్లయి ఉంటయి, పోయి అడుగుదునా?"

"నీ నోట్ల మన్నువొయ్య, నొప్పులొస్తున్నయి దీనికి."

మామ ఒక్కసారిగా బ్రేకు తొక్కి వెనక్కి తిరిగాడు. ఆయన చూసింది మోతిని కాదు, నన్ను. పాపం, మొహం తెల్లబోయింది. "ఏడో నెలల్నే?" అన్నాడు. "దానికి కాదు, దీనికి" అని అత్త కుక్కను చూపించింది. ఆయన ఊపిరి విడిచి, "ఇప్పుడు తొమ్మిదింపావు" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండలేకపోయాడు.

శామీర్‌పేట చేరేసరికి బాపు గడపలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నన్ను దించుకోవడానికి లేచి వచ్చాడు, అత్తకు దండం పెట్టాడు, మోతిని చూసి "దీన్నెందుకు దెచ్చిండ్రు?" అన్నాడు. "కాన్పుకు" అన్నది అత్త. బాపు ఇంకేదో చెబుతుందని చూశాడు. ఆమె, "బిడ్డలు గడప దాటక ముందే దిష్టి దియ్యాలె, నీళ్లు దే, పసుపు సున్నం దే" అన్నది. మా బాపు ఇంట్లో పసుపు కూరలోకి ఉంటుంది, సున్నం ఆకులోకి ఉంటుంది, దిష్టి పళ్లెం మాత్రం ఉండదు. చేపల సట్టిలో నీళ్లు కలిపి, నా ముందు తిప్పి, కుక్క ముందు కూడా తిప్పాడు. చేపల వాసనకు మోతి ఆ నొప్పుల్లో కూడా మూతి నాకింది. ఈలోగా మోతి తల్లి, ఆ ముసలి కుక్క, ఇంటి వెనక నుంచి వచ్చింది. "సూడు, తల్లి ఎదురొచ్చింది" అని మా అత్త మురిసిపోయింది. ఆ తల్లి కూతుర్ని ఒకసారి వాసన చూసి, పళ్లు బయటపెట్టి గుర్రుమని, మోతి కోసం తెచ్చిన బెల్లంముద్ద నోట కరుచుకుని చెరువు కట్ట ఎక్కి పోయింది. మళ్లీ సాయంత్రం దాకా కనబడలేదు.

"ఏం తల్లిరా అది" అన్నది అత్త.

"గంతే అక్కా, దానికి యాది ఉండదు" అన్నాడు బాపు, ఆ కుక్క తరఫున సిగ్గుపడుతూ.

మోతి మాలో ఎవరి కోసమూ ఆగలేదు. నేరుగా లోపలికి పోయి, మంచం కింద కుప్ప పోసి ఉన్న పాత నూలు వలలను కాళ్లతో లాగి, పళ్లతో లాగి, గుండ్రంగా గూడు చేసుకుంది. అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నా పెట్టె తెరిచింది. నా బిడ్డ కోసమని ఉతికి మడతలు పెట్టిన మెత్తటి పాత గుడ్డలన్నీ తీసి ఆ వలల మీద పరిచింది. నేను నోరు తెరిచాను. "మల్ల ఉతుకుకుందువు తియ్" అన్నది. ఆ తరవాత ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు కాన్పు చూడకూడదు.

"నువ్వు బయటికి నడువు. సూడొద్దు."

బయటికి వచ్చాను. నా వెనకాలే మోతి, అంత బరువుతో, ఉమ్మనీరు కారుతుంటే, గడప దాటి వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడింది. దాన్ని లోపలికి తీసుకుపోయారు. నేను బయట ఉన్నాను. మళ్లీ వచ్చింది. మూడోసారికి అత్త, "సరే, లోపలికి రా. కూసో. గోడ దిక్కు మొకం బెట్టు, తిప్పకు" అన్నది. గోడకు మొహం పెట్టి కూర్చున్నాను. మోతి లేచి, గోడకూ నాకూ మధ్యనున్న సందులో దూరి, నా పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది. ఇప్పుడు కాన్పు నా మొహం ముందరే. అత్త నెత్తి కొట్టుకుని, ఆ గుడ్డలను దాని కిందికి జరిపి, నా కొంగు తీసి నా మొహం మీద కప్పింది. "కండ్లు మూస్కో. తెరిస్తివో నీ బిడ్డకు మంచిది గాదు."

నేను కట్టుకున్నది నీలపు నైలాన్ చీర. అందులోంచి సూదిలోకి దారం ఎక్కించవచ్చు. అత్తకు ఆ సంగతి తెలియదా అంటే, ఆ చీర కొన్నది ఆమే.

ఆ నీలపు చీర లోపలి నుంచి నేను చూసినదాన్ని ఎట్లా చెప్పాలో, ఇన్ని అక్షరాలు నేర్చుకున్నాక కూడా నాకు తెలియడం లేదు. మోతి అరవలేదు. ఊపిరి దీర్ఘంగా తీసి, ఆపి, ఒళ్లంతా ఒక అల లాగా వెనక్కి తోసింది. నా పాదాల మీద దాని దవడ బిగుసుకోవడం నాకు తెలిసింది. ఒక నీటి సంచి జారి పడింది, సన్నని పొర, అందులో నల్లగా ఏదో. మా అత్త చెయ్యి ముందుకు చాపింది. ఆ చెయ్యి చేరేలోపల మోతి వెనక్కి వంగి, బొక్కలు నమిలే ఆ పళ్లతో, ఉల్లిపొర తీసినట్టు ఆ పొర తీసింది. బొడ్డుపేగు కొరికింది. ఎంత దూరంలో కొరకాలో అంత దూరంలోనే. నాలుకతో ముక్కు తుడిచింది, నోరు తుడిచింది, బోర్లా తిప్పి వీపు రుద్దింది. ఆ నల్లటిది "కీ" అన్నది. మా అత్త చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆమె చెయ్యి పని లేకుండా ఆగిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"నీకెవలు జెప్పిండ్రే ఇవన్ని" అన్నది అత్త, మెల్లగా, కుక్కతో. అది ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

నాకూ అదే ప్రశ్న. మొన్నటిదాకా పెళ్లివ్యానులో నా కాళ్ల కింద దాక్కున్నది ఇది. దీనికి తల్లి నేర్పలేదు, తల్లి బెల్లం ఎత్తుకుపోయింది. అత్త నేర్పలేదు. దీనికి ఊరు లేదు, ఆడదిక్కు లేదు. అయినా ఒక్క పని ముందూ వెనకా కాకుండా చేస్తోంది. మాయ పడితే తినేసింది. "థూ" అన్నాను. "అది దాని బాలింత మందు, నువ్వు సూడొద్దంటిని గద" అన్నది అత్త. చూస్తున్నానని ఆమెకు తెలుసు, తెలుసని నాకూ తెలిసింది, ఇద్దరం ఆ కొంగును మాత్రం కదపలేదు. కళ్లు తెరవని ఆ పిల్ల వణుక్కుంటూ, పొర్లుకుంటూ, గుడ్డల మీద ఈదుకుంటూ పోయి చన్ను దొరకబుచ్చుకుంది. దారి దానికి మాత్రం ఎవరు చెప్పారు? నా లోపలున్నది అప్పుడే ఒక తన్ను తన్నింది.

డబ్బాల సంగతి మరిచి వాకిట్లోనే ఆగిపోయిన గడియారం మామ బయట నుంచి కేకేశాడు. "అక్కా, టైము సెప్పాల్నా? జాతకానికి పనికొస్తది."

"నీ టైముల మన్నువొయ్య, సప్పుడు జెయ్యకు."

"పదింపావు" అన్నాడు ఆయన, ఎవరికీ వినబడకూడదన్నంత మెల్లగా. బాపు మాత్రం గడప బయట గోడకు ఆనుకుని, చెమటతో తడిసి, "అయిందా? అయిందా?" అని అడుగుతున్నాడు. "చెరువుల మునిగేటోన్ని దీసినవు, గిది సూడలేవా" అని అత్త అంటే, "నీళ్లల్ల అయితె వేరే అక్కా" అన్నాడు.

రెండోది, మూడోది వరసగా వచ్చాయి. తరవాత చాలాసేపు ఏమీ రాలేదు. మోతి అలిసిపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి. అత్త బెల్లం నీళ్లు దోసిట్లో పట్టి నాకించింది. చివరికి నాలుగోది కాళ్లు ముందు వచ్చింది. మోతి పొర చింపింది, నాకింది, ముక్కుతో పొర్లించింది, మళ్లీ నాకింది. అది కదలలేదు. మోతి తల ఎత్తి, కొంగు కప్పుకున్న నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ ఎదురుగా ఉంది.

అత్త దాన్ని తీసుకుంది. తల కిందికి పట్టి, కొంగు కొసతో నోట్లో నీళ్లు తీసి, గుడ్డలో చుట్టి వీపు రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూ, ఎవరితోనూ కాకుండా, ఆ పిల్లతోనే మాట్లాడింది. "నేను తొలి కాన్పు మా అత్తగారింట్ల కన్న. మా అమ్మ తోలుకపోత అని వస్తే పంపలె. తోటల పని ఎవలు జేస్తరన్నరు. నా పిలగాడు గిట్లనే వచ్చిండు, సప్పుడు లేకుంట. గట్లనే పోయిండు. నా తల్లి ఉంటె రుద్దేది. ఎవలు రుద్దలె." ఆమె గొంతులో ఏడుపు లేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. తొలి కాన్పు తల్లిగారింట్లోనే అనడం ఇన్నాళ్లూ ఆమె మొండితనమనుకున్నాను. నేను ఎన్నో తిట్లు మనసులో తిట్టుకున్న ఆ కట్టుబాటు, ఒక చిన్న పీనుగు పక్కన కూర్చుని ఆమె తనకు తాను పెట్టుకున్నదని అప్పుడు అర్థమైంది. రుద్దింది, రుద్దింది. ఇగ చాలు అత్తా అందామని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల తుమ్మింది.

చిన్న తుమ్ము. ఆ తరవాత "కీ". మా అత్త దాన్ని మోతి పొట్టకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అట్లా కూర్చుండిపోయింది. నాలుగు పిల్లలు పాలు తాగుతున్న చప్పుడు, అంతే. తరవాత ఆమె తలెత్తి ఆ ఇంటిని చూసింది. ఒకే మంచం, కట్టెల పొగ పట్టిన గోడలు, దండెం మీద మగవాళ్ల బట్టలు మాత్రమే. గడప బయట నా తండ్రి, తడిసిన అంగీతో, ఇంకా గోడకు ఆనుకునే ఉన్నాడు. ఆమె చూపు ఆయన దగ్గర ఆగింది, నా దగ్గర ఆగింది, మళ్లీ మోతి దగ్గరికి పోయింది. ఆమె ఏదో లెక్క వేస్తోందని నాకు తెలుస్తోంది, ఏం లెక్కో తెలియలేదు.

లేచి, మోకాళ్లు పట్టుకుని వాకిట్లోకి నడిచింది. చేతులు కడుక్కుంది.

"తమ్మీ, నీ యింటి బిడ్డ తొలి కాన్పు నీ ఇంట్ల అయింది. మంచిగయింది" అన్నది.

"అయిందక్కా" అన్నాడు బాపు. ఆగి, "కుక్కది" అని కలిపాడు.

"ఎవలదని నేను అడిగిన్నా? ఒక్క ఇంటికెల్లి, ఒక్కనాడు, ఒక్క బండెక్కి ఇద్దరొచ్చిండ్రు. ఒక్క భరిణెలది బొట్టు ఇద్దరికి వెట్టిన. అండ్ల తొలి కాన్పు అయిపాయె. ఇగ మిగిలిందేంది?"

బాపు గడియారం మామ దిక్కు చూసేలోపు అత్తే అందుకుంది.

"రెండోది. రెండో కాన్పు ఏడ జెయ్యాలె?"

"అత్తగారింట్ల" అన్నాడు గడియారం మామ, అడిగినదానికి జవాబు చెప్పడం ఆయనకు అలవాటు కనుక.

"మరి. పెట్టె ఎత్తుండ్రి. పిల్లా, నడువు, ఎక్కు."

బాపు నా పెట్టె ఎత్తాడు. నేను ఆయన మొహంలో చూసింది బాధా, సిగ్గా, లేక నడిచెరువులో కాలికి నేల తగిలినవాడి మొహమా, చెప్పలేను. మూడూ ఉన్నాయనుకుంటాను. నేను ఆ నీలపు కొంగు తియ్యలేదు. దాని కింద ఏడ్చాను. నైలాన్ చీర కదా, అందరికీ కనబడే ఉంటుంది.

మోతి మాత్రం ఇరవై ఒక్క దినాలు అక్కడే ఉండాలని తీర్పు. బాలింతను ఎట్లా చూసుకోవాలో అత్త బాపుకు చెప్పింది. చేపల పులుసు పెట్టు, ముండ్లు దీసి పెట్టు, కారం వెయ్యకు, దాని దగ్గర బీడీ తాగకు, ఆ ముసలిదాన్ని లోపలికి రానియ్యకు. బాపు ప్రతి మాటకూ తల ఊపాడు. (చేశాడు కూడా. ముండ్లు తీసి పెట్టే పని ఆయన అంతకుముందు నాకు కూడా చేసినట్టు గుర్తు లేదు.) అత్త కీసర పోలేదు. "పురుడొచ్చిన ఇంట్ల కూసున్నంక గుట్టెట్ల ఎక్కుత" అని ట్రాలీ మీది నుంచే అటు దిక్కు తిరిగి చేతులు జోడించింది. అన్ని ఏండ్ల మొక్కులో తప్పింది అదొక్కటే.

మేడ్చల్‌లో ఎవరు ఏమడిగినా "తొలిది అయిపోయింది, ఇది రెండోది" అని ఒకటే జవాబు. దాంతో కొందరు నాకు ముందొకటి పుట్టి పోయిందనుకుని, ఇంటికి వచ్చి నన్ను ఓదార్చి పోయారు. ఏం చెప్పాలో తెలియక నేనూ తల వంచుకుని ఓదార్పు తీసుకున్నాను. వేసవి చివర నాకు నొప్పులు వచ్చినప్పుడు అత్త నా తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భయం పోయిందని అబద్ధం రాయను. భయపడ్డాను, అరిచాను, అత్తను తిట్టాను కూడా. కానీ భయం లోపల ఎక్కడో, ఒళ్లు దానికదే ఒక దారి ఎరుగునని, నేను ఆ దారికి అడ్డం పడకుంటే చాలునని తెలుసు. అది నాకు చెప్పింది నాలుగు కాళ్లది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికైనా నెలలు నిండితే పిల్లలు ఫోనులో ఫోటోలు చూపిస్తారు, లోపలి బిడ్డ బొటనవేలు చీకుతోందని. చూస్తాను, బాగానే ఉంటుంది. కానీ తొలి కాన్పు ఎక్కడ అని మాట వచ్చినప్పుడు ఇన్నేండ్లొచ్చిన ఈ ముసల్ది గొంతు సవరించుకుని, మా అత్త లాగే వేళ్లు మడిచి లెక్కలు మొదలుపెడుతుంది. నవ్వుతారు. నవ్వనీ. నాకూ నవ్వే వస్తుంది, ఆ కొంగు కింద కళ్లు మూసుకున్నట్టు నటిస్తూ కళ్లింత చేసుకుని కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: మా అత్త. మా బాపు, గోడకు ఆనుకుని. గడియారం మామ. నేను. మోతి. దాని నల్లది, రెండు ఎర్రవి, తుమ్మిన తెల్లది. చెరువు కట్ట మీద, బెల్లంముద్దతో, దాని తల్లి. ఎవరికీ కనబడకుండా, అన్నీ వింటూ, మా పెద్దబిడ్డ.